ఇరవై ఐదో లైను

కోడలికి అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే. పక్కగదిలో మనిషి ప్రాణం పోతూ ఉంటే, తాను గోడకి ఇవతల గిన్నెలు తోముకుంటూనో బట్టలు మడతపెట్టుకుంటూనో ఏమీ తెలియకుండా ఉండిపోవడం. చీకటంటే ఆమెకు భయం లేదు. దొంగలంటే భయం లేదు. బొద్దింకనైతే చెప్పు కోసం వెతక్కుండా అరచేత్తోనే కొట్టేయగలదు. ఈ ఒక్కటి మాత్రం ఎప్పటినుంచో కడుపులో రాయిలా కూర్చుంది. చిట్టి పుట్టాక ఆ రాయి ఇంకాస్త బరువెక్కింది.

చిట్టి నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తుంది. ఊపిరి తగిలితే వెళ్ళిపోతుంది. గుమ్మం దాటగానే, తగిలింది ఊపిరా, ఫ్యాను గాలా అని అనుమానం. వెనక్కి వచ్చి ఫ్యాను ఆపి మళ్ళీ చూస్తుంది. ఉక్కకి చిట్టి లేచి ఇల్లు పీకి పందిరేస్తుంది. ఆ ఏడుపు విన్నాక గానీ తల్లి మనసు కుదుటపడదు.

"ఊపిరి పీల్చుకోవడం దాని డ్యూటీయా, నీ డ్యూటీయా?" అంటాడు చిట్టి నాన్న. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. "లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళు గంట కొడతారు. అప్పుడు వెళ్తాను. కొట్టకముందే వెళ్ళి, ఇరుక్కున్నారా, ఇరుక్కున్నారా అని తిరుగుతానా చెప్పు."

"గంట కొట్టే ఓపిక లేకపోతేనో?" అంది కోడలు.

ఆయన స్క్రూడ్రైవరు ఎక్కడ పెట్టానా అని వెతుక్కుంటూ లేచిపోయాడు.

వాళ్ళుండేది మేడమీద. కింది వాటాలో పెద్దత్తయ్య ఉంటుంది, అంటే కోడలి అత్తగారి అక్క. అత్తగారు పోయి చాలా కాలమైంది. పెద్దత్తయ్య పెళ్ళి చేసుకోలేదు. ఇల్లు ఆమె తన జీతంతో కట్టుకున్నది. బడిలో కంప్యూటరు పాఠాలు చెప్పి రిటైరయింది కాబట్టి వీధి మొత్తానికీ ఆమె టీచరమ్మ. కంప్యూటర్లంటే ఇప్పటివి కావు. ఇళ్ళల్లోకి కంప్యూటరు అనే మాట అప్పుడే అడుగుపెట్టిన రోజులవి. చూడటానికి మందపాటి కీబోర్డు, అంతే. ఆ కీబోర్డే కంప్యూటరు. దాన్ని పాత టీవీకి తగిలిస్తే అద్దం మీద అక్షరాలొస్తాయి. రాసుకున్నది దాచుకోవడానికి పాటల క్యాసెట్టు. టేప్ రికార్డరులో ఆ క్యాసెట్టు వేస్తే పాట రాదు, తోక తొక్కిన పిల్లిలా కీచుమంటుంది. బడివాళ్ళు వాటిని చెత్తబండి ఎక్కించబోతుంటే పెద్దత్తయ్య అడ్డం పడి ఇంటికి తెచ్చుకుంది. ఆమె ముందుగదిలో మనిషి కూర్చోవడానికి చోటు తక్కువ, మిషన్లకి ఎక్కువ.

పెద్దత్తయ్యకి షుగరు. రోజూ సూది వేసుకుంటుంది. మొన్నామధ్య వంటగదిలో కళ్ళు తిరిగి పడిపోతే, డాక్టరు చిట్టి నాన్నని పక్కకి పిలిచి చెప్పాడు. ఈవిడకి షుగరు పెరగడం కాదు, ఉన్నట్టుండి పడిపోతుంటుంది, పడిపోయినప్పుడు మనిషి తెలివిలో ఉండదు, వెంటనే నోట్లో తీపి పడాలి, ఒంటరిగా వదలకండి అని. చిట్టి నాన్న పొద్దున పోతే సాయంత్రం గానీ రాడు. కాబట్టి ఆ మాట వచ్చి కోడలి నెత్తిన పడింది. ఆమె దాన్ని నెత్తిన పెట్టుకునే తిరగసాగింది.

మాటిమాటికీ కిందికి దిగేది. ఊరికే దిగితే పెద్దత్తయ్య ఊరుకోదు కాబట్టి ఏదో ఒక వంక. ఉప్పుంటే కాస్త ఇస్తారా. జల్లెడ ఉందా. గడియారం సరిగ్గా నడుస్తోందా మీది.

"ఏమే," అంది ఒకరోజు పెద్దత్తయ్య, కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి. "పొద్దుట్నించీ జల్లెడ కోసం ఇన్నిసార్లు దిగావు. పైన ఏమైనా ఇసుక జల్లిస్తున్నారా? ఇల్లు కట్టిస్తున్నావా నాకు తెలియకుండా?"

"లేదు పెద్దత్తయ్యా. ఊరికే..."

"ఊరికే నేను బతికున్నానో లేదో చూడ్డానికొచ్చావు. బతికే ఉన్నాను. చూశావుగా. ఇంక పో."

కోడలు పోలేదు. చంకలో చిట్టిని అటునుంచి ఇటు మార్చుకుని గుమ్మంలోనే నిలబడింది. కళ్ళలో నీళ్ళు ఇప్పుడో ఇంకాసేపటికో అన్నట్టున్నాయి. పెద్దత్తయ్య అది చూసింది. బడిలో అన్నేళ్ళు చేసిన మనిషికి ఏడవబోయే పిల్లల మొహాలు కొత్త కాదు.

"రాకుండా ఎలాగూ ఉండవు," అంది గొంతు తగ్గించి. "వచ్చి గుమ్మానికి దిష్టిబొమ్మలా నిలబడ్డం దేనికి? ఇలా కూర్చో. ఏదైనా నేర్చుకో."

"నేనా? నాకేం రాదు పెద్దత్తయ్యా. తొమ్మిదో క్లాసుతోనే చదువు ఆపించేశారు. ఇంగ్లీషంటే అక్షరాలు తప్ప..."

"దీనికీ ఏం రాదు." పెద్దత్తయ్య కీబోర్డు మీద దుమ్ము ఊదింది. "చెప్పింది చేస్తుంది. చెప్పనిది చెయ్యదు. ఆ లెక్కన మీ ఆయనకన్నా నయం."

అలా మొదలైంది. ఆ మిషను వినే భాష పేరు బేసిక్. కంప్యూటరంటే ఏమిటో తెలియనివాళ్ళకోసమే పనిగట్టుకుని చేసిన భాష అని పెద్దత్తయ్య చెప్పింది. నాలుగు మాటలు వస్తే చాలు, పని మొదలుపెట్టొచ్చు. ప్రింట్ అంటే చూపించు. గోటూ అంటే ఫలానా లైనుకి పో. రన్ అంటే ఇక కానివ్వు. ప్రతి లైనుకీ ముందు ఒక నంబరు ఉండాలి. మిషను ఆ నంబర్ల వరసలోనే నడుస్తుంది.

మొదటిరోజు కోడలు ఒక్కో అక్షరాన్నీ వెతుక్కుంటూ, ఒంటి వేలితో, 10లో చిట్టి పేరు ప్రింట్ చెయ్యమంది. 20లో, మళ్ళీ 10కి పొమ్మంది. రన్ అనగానే టీవీ అద్దం నిండా చిట్టి, చిట్టి, చిట్టి అంటూ పేరు పరుగులు తీసింది.

"అయ్యయ్యో, ఆగట్లేదు పెద్దత్తయ్యా!"

"ఎందుకాగుతుంది? ఆగమని చెప్పావా?"

ఆపడానికి ఒక మీట ఉందని తెలిసేదాకా కోడలి ప్రాణం ప్రాణంలో లేదు. ఆ తర్వాత ఒక అక్షరం తప్పు కొట్టింది. సింటాక్స్ ఎర్రర్ అని పడింది తెరమీద. కోడలు గబుక్కున చెయ్యి వెనక్కి తీసుకుని "సారీ" అంది, మిషనుతో.

పెద్దత్తయ్య పడీ పడీ నవ్వింది. నవ్వాక చెప్పింది: "అది తిట్టు కాదే. నాకు అర్థం కాలేదు, మళ్ళీ చెప్పు అంటోంది. అంతే. దానికి కోపం రాదు. నువ్వు వందసార్లు తప్పు చేస్తే వందోసారి కూడా అదే గొంతుతో చెప్తుంది."

కోడలు ఆ మాట మేడమీదకి తీసుకెళ్ళి గిన్నెలు తోముతూ చాలాసేపు ఆలోచించింది. ఆమెకు తెలిసిన బడిలో తప్పు చేస్తే గొంతు మారేది. రెండోసారికి బెత్తం కూడా వచ్చేది. నాకు అర్థం కాలేదు అని పిల్ల అనాలి గానీ, పాఠం అప్పజెప్పించుకునే మాస్టారు అనడం ఆమె ఎక్కడా వినలేదు.

ఇంకో రోజు అడిగింది. "ఒకటి, రెండు, మూడు అని వెయ్యకుండా పది, ఇరవై, ముప్పై అని ఎందుకు వేస్తాం?"

"ఏదో ఒకటి మర్చిపోతాం కాబట్టి. అంతా రాసేశాక, అరే, ఇక్కడ ఇంకో మాట ఉండాలే అని గుర్తొస్తుంది. ఒకటీ రెండూ అని రాసుంటే మధ్యలో ఎక్కడ ఇరికిస్తావు? పదుల్లో రాస్తే సందు ఉంటుంది. పదిహేను అని కొట్టావనుకో, అది తనంతట తనే వెళ్ళి పదికీ ఇరవైకీ మధ్య కూర్చుంటుంది."

కోడలికి అది భలే నచ్చింది. కూరగాయలు తరుగుతూ తన జీవితాన్ని పదుల్లో పేర్చి చూసుకుంది. బడి ఒక పది. పెళ్ళి ఒక ఇరవై. చిట్టి ఒక ముప్పై. మధ్య సందుల్లో ఏమేం పట్టేవో అని లెక్క వెయ్యబోతే ఉల్లిపాయ ఘాటుకి కళ్ళు మండాయి. ఉల్లిపాయదే తప్పు అనుకుంది.

కాస్త చెయ్యి తిరిగాక కోడలు తన బుర్రలో ఎన్నాళ్ళనుంచో తిరుగుతున్న పని మొదలుపెట్టింది. పెద్దత్తయ్యని అరగంటకోసారి మిషనే పలకరించాలి. ఆమె బాగుంటే ఒక మీట నొక్కుతుంది. ఆ సంగతి మేడమీద తనకి వినపడాలి. టీవీ గొంతు పెంచితే కింద కూసిన కూత పైన గచ్చులోంచి వినిపిస్తుందని అప్పటికే చూసిపెట్టుకుంది.

మొదటిసారి ఇన్‌పుట్ అనే మాట వాడింది. ఇన్‌పుట్ అంటే, ప్రశ్న అడిగి జవాబు కోసం ఆగు అని. గర్వంగా రన్ కొట్టి పెద్దత్తయ్యకి చూపించింది. తెరమీద ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాట: బాగున్నారా?

పెద్దత్తయ్య ఏమీ నొక్కలేదు. వెళ్ళి మంచం మీద వెల్లకిలా పడుకుని, చేతులు రెండూ గుండెలమీద పెట్టుకుని కళ్ళు మూసుకుంది.

"ఏమైంది పెద్దత్తయ్యా?"

"నేను పోయాను. నీ మిషను ఏం చేస్తోందో చూడు."

మిషను ఏమీ చెయ్యడం లేదు. ప్రశ్న పక్కన చిన్న గుర్తు టిక్కుటిక్కుమని వెలిగి ఆరుతోంది.

"అది అలాగే చూస్తుంది," అంది పెద్దత్తయ్య కళ్ళు తెరవకుండా. "రేపూ అలాగే చూస్తుంది. ఇన్‌పుట్‌కి మర్యాద ఎక్కువ. జవాబు వచ్చేదాకా నోరెత్తదు. మనిషి పోయినా సరే, ఎప్పుడంటే అప్పుడే చెప్పండి అన్నట్టు కూర్చుంటుంది."

కోడలు తెరకేసి చూసింది. తన భయం అచ్చంగా టీవీలో కూర్చుని రెప్పలు కొడుతోంది.

అప్పుడు పెద్దత్తయ్యే లేచి వచ్చి ఇంకో మాట నేర్పింది. ఇంకీ. అది ఆగదు. మీట నొక్కారా లేదా అని ఒకసారి తొంగి చూసి ముందుకి పోతుంది. దాన్ని లెక్కతోపాటు తిప్పితే, ఇన్నిసార్లు తొంగిచూసినా ఎవరూ నొక్కలేదంటే ఏదో జరిగినట్టే. కోడలు చిట్టికి పాలిస్తూ ఒక చేత్తో కొట్టింది. 10లో ప్రశ్న. 20లో పిలుపు కూత ఒకటి. 30లో లెక్కపెడుతూ తొంగిచూడటం. మీట నొక్కితే 60కి పోవడం. ఎవరూ నొక్కకపోతే 40. అక్కడ సైరను. 50లో మళ్ళీ 40కే పొమ్మని, అంటే ఎవరో వచ్చి ఆపేదాకా సైరను. 60లో రెండు చిన్న కూతలు, బాగున్నాను అని. 70లో అరగంట ఊరికే లెక్కపెట్టుకోవడం. 80లో మళ్ళీ మొదటికి.

"బాగుంది," అంది పెద్దత్తయ్య. ఆమె నోటినుంచి ఆ మాట రావడం బడిలో పిల్లలకి కూడా పండగే. "ఒక షరతు. ఈ కుక్కని నాకు కాపలా పెట్టాక నువ్వు జల్లెడ కోసం దిగకూడదు."

"సరే పెద్దత్తయ్యా."

రోజూ పొద్దున్నే పెద్దత్తయ్య క్యాసెట్టు నుంచి ప్రోగ్రాము ఎక్కించి రన్ కొట్టేది. ఇక మేడమీద కోడలికి చేతులు పనిలో, చెవులు కింద. పిలుపు కూత వినిపిస్తుంది. తర్వాత కాస్త నిశ్శబ్దం. తర్వాత రెండు చిన్న కూతలు. హమ్మయ్య.

ఆ నిశ్శబ్దాన్ని కోడలు చదవడం నేర్చుకుంది. కొంచెమే ఉంటే పెద్దత్తయ్య కుర్చీలోనే ఉంది. ఇంకాస్త ఉంటే వంటగదిలోంచి వస్తోంది. బాగా సాగితే స్నానం. ఒకసారి సైరను దాకా పోయింది. కోడలు చిట్టిని చంకనేసుకుని మెట్లమీద సగం దిగేసరికి సైరను టక్కున ఆగి, లోపల్నుంచి గొంతు వినిపించింది: "వస్తున్నానే దరిద్రపుగొట్టుదానా, తల తుడుచుకోనివ్వవా!" తిట్టింది మిషన్నే. అయినా ఆ తిట్టు విని కోడలు మెట్లమీదే కూలబడి నవ్వింది. చిట్టి కూడా నవ్వింది. ఆ వారమంతా కోడలు కడుపునిండా నిద్రపోయింది.

తర్వాత్తర్వాత ఆ నిశ్శబ్దం చిక్కిపోయింది. పిలుపు వచ్చీ రాకముందే జవాబు. ఉదయమూ అంతే, మధ్యాహ్నమూ అంతే. కోడలు సంబరపడింది. చిట్టి నాన్నతో కూడా అంది.

"పెద్దత్తయ్య ఎంత చురుగ్గా అయిందో చూశారా? అడిగీ అడగకముందే నొక్కేస్తోంది."

"మరి నీ దెబ్బకి పరుగులు నేర్చుకుందేమో," అన్నాడాయన, అన్నం కలుపుకుంటూ.

ఒకరోజు మధ్యాహ్నం చిట్టికి పళ్ళొస్తున్నాయని ఒకటే గోల. కోడలు దాన్ని భుజానేసుకుని జోకొడుతూ వెనక కిటికీ దగ్గరికి వచ్చింది. కింద పెరట్లో కుళాయి పక్కన సిమెంటు గట్టుంది. దాని మీద పెద్దత్తయ్య కూర్చుని ఉంది. గోడకి చేరగిలబడి ఉంది. కాళ్ళ దగ్గర తడిబట్టల బకెట్టు. కుళాయి తిప్పే ఉంది. బకెట్టు నిండి నీళ్ళు పొర్లిపోతున్నాయి.

అప్పుడే ముందుగదిలోంచి పిలుపు కూత వినిపించింది. ఆ వెనకే, సందు లేకుండా, రెండు చిన్న కూతలు. బాగున్నాను.

కోడలు కిటికీ చువ్వలు పట్టుకుని అలాగే నిలబడింది. కళ్ళు ఒకటి చెప్తున్నాయి, చెవులు ఇంకొకటి చెప్తున్నాయి. పెరట్లో ఉన్న మనిషి ముందుగదిలో మీట ఎలా నొక్కింది? ఒక్క క్షణం, సిగ్గుచేటు గానీ, ఆమె చెవులనే నమ్మింది. బాగానే ఉందన్నమాట, ఎండకి కూర్చుందేమో అనుకుంది. పొర్లే నీళ్ళు పెద్దత్తయ్య పాదాల మీదుగా పోతున్నాయి. ఆ పాదాలు కదలడం లేదు.

అప్పుడు పరుగు. గుమ్మం దాకా వెళ్ళి ఆగిపోయింది. చంకలో బిడ్డతో ఆ మెట్లమీద పరుగెత్తితే ఇద్దరూ దొర్లుతారు. బిడ్డని వదిలి వెళ్తే బిడ్డ ఒంటరి. జీవితంలో ఎన్నడూ ఇంత చిన్న సందులో ఇంత పెద్ద నిర్ణయం చెయ్యలేదు. చిట్టిని ఉయ్యాల్లో వేసింది. చిట్టి గుక్కపట్టి ఏడ్చింది. ఏడువమ్మా, ఏడుస్తూనే ఉండు, వినపడేలా ఏడువు అనుకుంటూ దిగింది.

పెద్దత్తయ్య ఒళ్ళంతా చెమటలు. కళ్ళు సగం మూసి ఉన్నాయి. పిలిస్తే ఏదో గొణిగింది, తాగినవాళ్ళ మాటలా ముద్దముద్దగా. కోడలు వంటగదిలోకి దూరి గ్లాసులో చక్కెర ఎంత పడిందో చూడకుండా పోసి, నీళ్ళు కలిపి, తల ఎత్తిపట్టి కొంచెం కొంచెంగా పెదాల మధ్య పోసింది. మింగుతోందా? మింగింది. ఇంకొంచెం. గొంతెత్తి ఎదురింటి దర్జీని పిలిచింది. దర్జీ మెడలో టేపుతోనే పరుగెత్తుకొచ్చి, పరిస్థితి చూసి, డాక్టరు కోసం అలాగే వెనక్కి పరుగెత్తాడు. పైన చిట్టి ఏడుస్తూనే ఉంది. ముందుగదిలో మిషను మాత్రం ఎంత నిశ్చింతగా ఉందో.

గ్లాసు సగమయ్యాక పెద్దత్తయ్య కళ్ళు నిదానంగా తెరుచుకున్నాయి. కోడలి మొహాన్ని గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది. గ్లాసు కేసి చూసి మూతి ముడిచింది.

"ఇంత చక్కెర... ఏంటే ఇది, పాకం పడుతున్నావా?"

కోడలు భోరుమంది.

డాక్టరు వచ్చి, చూసి, ఇంకాస్త ఆలస్యమైతే చెప్పలేకపోయేవాణ్ణి అని తల పంకించి వెళ్ళాడు. దర్జీ చిట్టిని కిందికి తెచ్చి ఇచ్చి, మళ్ళీ చెప్పమ్మా ఏదైనా కావలిస్తే అని కొట్టుకి పోయాడు. పెద్దత్తయ్య మంచం మీద దిండుకి ఆనుకుని ఉంది. అప్పుడు మళ్ళీ వచ్చింది పిలుపు కూత, వెంటనే రెండు కూతలు. గదిలో ఇద్దరూ ఉన్నారు. మీట ఎవరూ నొక్కలేదు.

కోడలు పెద్దత్తయ్యకేసి చూసింది. పెద్దత్తయ్య గోడకేసి చూసింది.

కోడలు చిట్టిని మంచం మీద కూర్చోబెట్టి, మిషను దగ్గరికి వెళ్ళి ఆపే మీట నొక్కి, లిస్ట్ అని కొట్టింది. లిస్ట్ అంటే రాసిందంతా చూపించు అని. తాను రాసిన లైన్లు వరసగా వచ్చాయి. 10. 20. ఆ తర్వాత తాను రాయని లైను. 25 గోటూ 60.

పదుల్లోనే రాయడం వచ్చిన కోడలికి అది తన చేతి రాత కాదని చూడగానే తెలిసింది. ప్రశ్న అడుగు, పిలువు, జవాబు కోసం చూడకు. తిన్నగా బాగున్నాను అనెయ్. తొంగిచూసే లైనూ, సైరనూ అక్కడే ఉన్నాయి, చెక్కుచెదరకుండా. వాటి దగ్గరికి పోయే దారే లేదు.

"మీరేనా?"

"ఇంకెవరు, దర్జీయా?" అంది పెద్దత్తయ్య. కానీ గొంతులో పస లేదు. "కాపీ కొట్టిన పిల్లలు నాకెలా దొరికేవాళ్ళో ఇప్పుడు తెలిసింది."

"నవ్వులాటగా ఉందా మీకు?" కోడలి గొంతు పైకి లేచింది. ఆ ఇంట్లో అడుగుపెట్టాక పెద్దవాళ్ళ ముందు అలా మాట్లాడటం అదే మొదలు. "పైన నేను ఆ రెండు కూతలూ విని నిద్రపోయాను. తెలుసా? మీరు బాగున్నారని దేవుడు చెప్పినట్టు నిద్రపోయాను. నేను అడిగింది మిమ్మల్ని. మిషన్ని కాదు."

చిట్టి పెద్దత్తయ్య కళ్ళజోడు లాక్కుని నోట్లో పెట్టుకుంది. ఆమె వెనక్కి తీసుకోలేదు.

"నా కళ్ళు అంత బాగా ఆనట్లేదే," అంది చివరికి. "కాళ్ళూ అంతే, మొద్దుబారిపోయి ఎక్కడ వేస్తున్నానో తెలియడం లేదు. నీ లెక్క పూర్తయ్యేలోగా ఆ కుర్చీ దాకా రాలేకపోతున్నాను. రాలేకపోతే సైరను. సైరను మోగితే నువ్వు. చంకలో దీన్నేసుకుని ఆ మెట్లమీద పరుగు. ఒక్కసారి విన్నాను నీ అడుగులు. గుండె జారిపోయింది నాకు. నేను పోతే ఒక ముసలిది పోయిందంటారు. నువ్వు జారితే?"

ఇన్నాళ్ళూ భయపడేది తానొక్కతే అనుకుంది కోడలు. కింది వాటాలో ఒకరు తన అడుగుల చప్పుడుకి ఇలా భయపడుతున్నారని తెలియదు. ఒకరికోసం ఒకరు దాచుకున్న భయం ఎంత పని చేసిందో తలుచుకుంటూ మంచం అంచున కూర్చుంది.

"అలాగని చెప్పొచ్చుగా," అంది మెల్లగా.

"చెప్తే చేతకాదని ఒప్పుకున్నట్టేగా. ఆ ప్రోగ్రాముని ఇంకోలా రాద్దాంలే. లెక్క పెంచుదాం. మీట మంచం దగ్గరికి తెద్దాం. నేను వేలు పెట్టకుండా..."

"వద్దు పెద్దత్తయ్యా. నేను ఏ లైను రాసినా దాని ముందు మీరు ఇంకో లైను రాయగలరు. మీరే నేర్పారు."

కోడలు న్యూ అని కొట్టింది. ఉన్నదంతా తుడిచెయ్యి అని దానర్థం. తెర నల్లగా, ఖాళీగా నిలిచింది. పెద్దత్తయ్య అయ్యో అంది గానీ ఆపలేదు.

మర్నాటినుంచి కోడలు ఉయ్యాల కిందికి దింపించింది. పొద్దున చిట్టి నాన్న వెళ్ళగానే దిగిపోయి అక్కడే వంట, అక్కడే ఉతుకు, అక్కడే పాఠం. మిషను ఊసు లేకుండా మనిషిని మనిషి చూసుకోవడం. తిట్లు తినేది. ఉప్పెక్కువైందని, చిట్టికి చొక్కా తిరగేసి తొడిగావని, గోటూలు ఇన్ని వాడితే ప్రోగ్రాము చిక్కుపడ్డ దారపుండలా అవుతుందని. ఆ రోజుల్లో ఆమె ఫ్యాను ఆపి చిట్టి ఊపిరి చూడటం కూడా చాలా తగ్గింది. మానేసిందని మాత్రం అనలేం.

అలా ఏడాది గడిచాక చిట్టి నాన్న కంపెనీవాళ్ళు ఆయన్ని దూరపు ఊరికి మార్చారు. అక్కడ పెద్ద పెద్ద మేడలు లేస్తున్నాయట, లిఫ్టులు బోలెడట. మాతో వచ్చెయ్యండి అని కోడలు పెద్దత్తయ్య కాళ్ళు పట్టుకున్నంత పని చేసింది.

"ఇవన్నీ నీ నెత్తిన పెట్టుకుపోతావా?" అంది పెద్దత్తయ్య, మిషన్లకేసి చెయ్యి తిప్పి. "వీటికి నేను తప్ప ఎవరున్నారే? పో. వెళ్ళి సుఖంగా ఉండు. నాకేం."

ఇప్పుడు కోడలు ఆ దూరపు ఊళ్ళో ఉంది. రోజూ ఫోను చేస్తుంది. ఎలా ఉన్నారు అని పూర్తిగా అనకముందే, బాగున్నానే అని వస్తుంది అవతల్నుంచి. ఫోను పెట్టేశాక కోడలు కిటికీ దగ్గర చాలాసేపు నిలబడుతుంది. పెద్దత్తయ్య ఇంటి మేడమీద కొత్తగా దిగినవాళ్ళు ఇద్దరూ ఉద్యోగాలవాళ్ళు, పగలు ఇంట్లో ఉండరు. దర్జీకి కుట్టుమిషను చప్పుడులో చిన్న చప్పుళ్ళేవీ వినపడవు. ఆయన మంచివాడే, కానీ గట్టిగా పిలిస్తేనే వస్తాడు. పిలవలేని మనిషి దగ్గరికి ఎవరు వెళ్తారు?

అందుకే మీకు చెప్పడం. ఏ వీధిలోనైనా దర్జీ కొట్టుకి ఎదురుగా, బయటినుంచి మేడమీదకి మెట్లున్న ఇల్లు కనిపిస్తే, కింది కిటికీలో పట్టపగలు కూడా టీవీ వెలుగు ఆడుతుంటే, ఒక్కసారి ఆగండి. లోపల్నుంచి చప్పుడు వస్తోంది కదా, బాగానే ఉన్నారని వెళ్ళిపోకండి. తలుపు కొట్టండి. వెంటనే తియ్యకపోతే ఓపిక పట్టండి, ఆమె కాళ్ళకి టైము పడుతుంది. మరీ ఆలస్యమైతే వెనక పెరట్లోకి చూడండి. చూడ్డానికొచ్చాం అనొద్దు, ఆ మాటంటే కోపం. మాకేమీ రాదు, మొదటినుంచి నేర్పండి అని అడగండి. తలుపు తీస్తుంది.